మీ ప్రోగ్రాం తన లాట్ నంబరు తానే చెప్పాలి

మన రాజపాళయంలో నూలు మిల్లు సంగతి తెలియని ఇల్లు అరుదు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటి నుంచి ఈ ఊరికి నూలుతో అనుబంధం మరింత పెరిగింది. నూలు బస్తా మీద కౌంటుతో పాటు లాట్ నంబరు కూడా ఉంటుంది. రెండు లాట్ల నూలు కలిపి నేస్తే మగ్గం మీద తేడా కనబడకపోవచ్చు. రంగు వేశాక గుడ్డ మీద చారలు తేలతాయి. అప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి దారి చూపేది ఆ నంబరే.

అదే మిల్లుల కుటుంబం నుంచి తరువాత రామ్‌కో సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా వచ్చింది. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ రంగం వైపే చూస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌కు కూడా లాట్ నంబరు ఉంటుంది. దానిని బిల్డ్ వెర్షన్ అంటారు.

విద్యార్థి రాసే సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగలిగే ఫైలుగా మార్చడమే బిల్డ్. అలా తయారైన ఫైలును చూసి, అది ఏ రోజు కోడ్ నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అని ఫోల్డర్లు పెట్టుకుని, ప్రాజెక్టు పరీక్ష రోజున పాతది నడిపి తెల్లబోయే విద్యార్థులు ఎందరో!

పెద్ద కంపెనీలకూ ఇటువంటి ఇబ్బంది తప్పలేదు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ అనే కంపెనీ, 2012 ఆగస్టు 1 నాటికి 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఒక సర్వర్‌లో ఎక్కించడం మరిచారు. మార్కెట్ తెరవగానే ఆ సర్వర్‌లోని పాత కోడ్ తప్పుడు ఆర్డర్లు పంపసాగింది. తప్పు ఎక్కడుందో తెలియక, సరిగా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాంనే తీసివేశారు. నష్టం ఇంకా పెరిగింది. సుమారు 45 నిమిషాలలో 46 కోట్ల డాలర్లకు పైగా పోయింది. ప్రతి సర్వర్ తనలో ఏ వెర్షన్ ఉందో చెప్పే ఏర్పాటు, దానిని సరిపోల్చి చూసే అలవాటు ఉంటే ఆ తేడా ముందే పట్టుబడేది.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ తయారు చేసిన ఎస్‌సీసీఎస్ అనే పద్ధతిలోనే, వెర్షన్ గుర్తును కోడ్‌లో ఉంచి, తయారైన ఫైలు నుంచి దానిని మళ్లీ చదివే వీలుండేది. ఇప్పుడు చాలామంది వాడేది 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్. దానితో చేయవలసినవి మూడు పనులు.

1. కోడ్‌ను గిట్‌లో ఉంచి, ముఖ్యమైన దశలకు ‘వి1.2’ వంటి ట్యాగ్ పెట్టండి.

2. బిల్డ్ చేసే స్క్రిప్టులో ‘గిట్ డిస్క్రైబ్’ అనే ఆదేశం నడపండి. ‘వి1.2-5-జి4071926’ వంటి జవాబు వస్తుంది. అంటే 1.2 తరువాత 5 మార్పులు జరిగాయి, చివరి మార్పు గుర్తు 4071926 అని అర్థం. మధ్యలోని ‘జి’ గిట్‌కు గుర్తు. ‘డర్టీ’ అనే ఆప్షన్ ఇస్తే, గిట్‌లో ఇంకా నమోదు చేయని మార్పులు ఉన్నప్పుడు ఆ మాట కూడా చివర చేరుతుంది.

3. ఆ జవాబును స్క్రిప్టే ఒక చిన్న వెర్షన్ ఫైలులో రాయాలి. ప్రోగ్రాం మొదలవగానే దానిని తెర మీద, లాగ్ ఫైలులో చూపాలి.

నంబరును చేతితో రాయకండి. మనిషి మరిచిపోతాడు, స్క్రిప్టు మరిచిపోదు. తేదీ ఒక్కటే వేసినా చాలదు. పాత కోడ్‌ను ఈ రోజు బిల్డ్ చేసినా ఈ రోజు తేదీయే పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ యాప్ వివరాలు తెరిచినా వెర్షన్ నంబరు కనబడుతుంది. బ్యాంకు యాప్ పని చేయక ఫిర్యాదు చేసేటప్పుడు ఆ నంబరు కూడా చెప్పండి.

విద్యార్థులారా, ఈ ఏర్పాటుకు ఒక సాయంత్రం చాలు. మీ తరువాతి ప్రాజెక్టుతోనే మొదలుపెట్టండి. ‘ఇది ఏ వెర్షన్?’ అని పరీక్షకులు అడిగితే మీరు తడుముకోనక్కరలేదు. జవాబు తెర మీదే ఉంటుంది.