ఇంజనుకు చల్లగాలి: లాభమెంత, ప్రమాదమెంత?

కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు సాగింది. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్‌ను మించేది. చల్లబరచిన గాలిని లోపలికి పంపితే తప్ప అక్కడ మనిషి పనిచేయగలిగేవాడు కాదు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మనిషికి వలెనే ఇంజనుకు కూడా చల్లగాలి మేలు చేస్తుంది. అయితే అందుకు కారణం వేరు. ఆ మేలును ఆశగా చూపి అమ్ముతున్న పరికరమే ‘కోల్డ్ ఎయిర్ ఇంటేక్’. రాబర్ట్‌సన్‌పేట నుంచి బెంగళూరుకు టాక్సీ నడుపుకొనే కుటుంబాలు, అప్పు చేసి కారు కొన్న సరిహద్దు గ్రామాల వారు దీని మంచిచెడ్డలు తెలుసుకోవడం అవసరం.

గాలి చల్లబడితే ఏమవుతుంది?

పెట్రోలు ఇంజనులో ఒక కిలో ఇంధనం పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి వేడెక్కితే వ్యాకోచించి పలుచబడుతుంది. అప్పుడు సిలిండరు నిండినా, అందులోని ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. బానెట్ కింద గాలి 60 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు ఉన్నదనుకుంటే, బయటి గాలి సుమారు 10 శాతం చిక్కగా ఉంటుంది. చిక్కని గాలితో ఎక్కువ ఇంధనం మండి, ఎక్కువ శక్తి పుడుతుంది. ఎత్తు కూడా ఇందులో లెక్కకు వస్తుంది. సముద్రతీరాన ఉన్న చెన్నైతో పోలిస్తే, వేడి సమానంగా ఉన్నప్పుడు, మన పీఠభూమిపై గాలి దాదాపు పదోవంతు పలుచన.

అయితే ఒక విషయం గమనించాలి. నేటి కార్లలో చాలావాటికి కర్మాగారంలోనే గాలిగొట్టపు మూతిని ముందు జాలీ వైపు, బయటి గాలి తగిలేలా అమర్చి పంపుతున్నారు. అటువంటి కారుకు కొత్త పరికరం బిగించినా పెరిగే శక్తి స్వల్పం. అదీ యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడే తెలుస్తుంది. మైలేజీ పెరుగుతుందన్న ఆశ కూడా సరికాదు. లోపలికి వచ్చిన గాలికి తగినంత ఇంధనాన్ని కంప్యూటరు కొలిచి పోస్తుంది కనుక, గాలి పెరిగితే పెట్రోలు ఖర్చు కూడా పెరుగుతుంది.

తయారీలోని మెలకువలు

మంచి పరికరాన్ని రూపొందించేవారు మొదట పాత అమరికను పరీక్షిస్తారు. బండి నిలిచి ఉన్నప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు గాలి వేడి ఎంత, ఫిల్టరు దాటేసరికి పీడనం ఎంత తగ్గుతున్నది అని కొలుస్తారు. తరువాత గొట్టపు మూతికి చోటు వెతుకుతారు. గొట్టం మలుపులు తక్కువగా, లోపలి గోడ నునుపుగా ఉండాలి. ఫిల్టరును ఇంజను వేడి తగలని పెట్టెలో మూయాలి. ఆ పెట్టె లేకుండా బానెట్ కింద తెరచి ఉంచిన ఫిల్టరు చల్లగాలిని కాదు, వేడిగాలినే పీలుస్తుంది. శబ్దం పెరగడం వల్ల బలం పెరిగినట్లు తోస్తుంది, అంతే.

గాలిని కొలిచే సెన్సారు గొట్టంలోనే ఉన్న కార్లలో గొట్టపు వ్యాసం మారితే లెక్క తప్పుతుంది. నూనె పూసిన గుడ్డ ఫిల్టరు నుంచి ఎగిరిన తుంపర సెన్సారు తీగకు అంటినా అదే ఇబ్బంది. చల్లదనం కోసం మూతిని బంపరు అడుగుకు దించితే మరో ప్రమాదం ఉంది. వర్షానికి రోడ్డుపై నిలిచిన నీటిని ఇంజను పీల్చుకుంటుంది. నీరు గాలివలె నొక్కుకుపోదు. కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజను పాడవుతుంది.

మన దుమ్ము వేరు

ఈ ప్రాంతానికి అన్నింటికంటే ముఖ్యమైనది దుమ్ము. గనుల నుంచి తీసిన రాతిని పిండిచేసి, బంగారం వేరుచేయగా మిగిలిన పొడి 3 కోట్ల టన్నులకు పైగా సయనైడ్ దిబ్బలుగా పేరుకుంది. అందులో స్ఫటికపు పొడి ఉంది. స్ఫటికం సిలిండరు ఇనుము కంటే గట్టిది. ఈదురుగాలులకు లేచిన ఆ పొడి ఫిల్టరు దాటితే పిస్టన్ రింగులను, సిలిండరు గోడను ఆకురాయివలె అరగదీస్తుంది. 1,200 సీసీ ఇంజను 3,000 చుట్ల వేగంతో తిరిగేటప్పుడు నిమిషానికి గరిష్ఠంగా 1,800 లీటర్ల గాలిని పీల్చగలదు. ‘ఎక్కువ గాలి’ కోసం రంధ్రాలు పెద్దవైన ఫిల్టరు వేస్తే ఎంత దుమ్ము లోపలికి పోతుందో ఊహించవచ్చు. కేజీఎఫ్‌లోని బెమెల్ తయారుచేసే బుల్డోజర్ల వంటి భారీ యంత్రాలు మట్టిలోనే పనిచేయాలి. అటువంటి యంత్రాల్లో సాధారణంగా గాలిని ముందుగా సుడి తిప్పి బరువైన రేణువులను విడదీస్తారు. ఆ తరువాత ఒకదానిలో ఒకటిగా రెండు ఫిల్టర్లు ఉంటాయి. చల్లదనం కంటే శుభ్రతకే అక్కడ పెద్దపీట.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణ తరువాత, అనుమతించని విడిభాగాలు బిగించి మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మార్చిన భాగం వల్ల ఇంజను చెడితే కంపెనీ వారంటీ నిరాకరించే అవకాశం కూడా ఉంది.

చేయదగిన పని

పందెపు కార్లకు ఈ పరికరం అవసరం కావచ్చు; కుటుంబాన్ని మోసే కారుకు ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలు. మెకానిక్ పనిచేశాక ముందుభాగపు గాలిగొట్టాన్ని తిరిగి బిగించాడో లేదో చూడాలి. అది ఊడితే బండి బానెట్ వేడిగాలినే పీలుస్తుంది. ఫిల్టరు పెట్టె క్లిప్పులు, రబ్బరు అంచు బిగువుగా ఉండాలి. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగరాదు. గాలి మిషనుతో గట్టిగా ఊదితే కాగితం చిరుగుతుంది. దిబ్బల పక్కగా, మట్టి దారుల్లో నిత్యం తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే ఫిల్టరు మార్చాలి. ఆ కొద్ది ఖర్చు అప్పు తీరేవరకు ఇంజనును నిలబెడుతుంది.