ఫైలు కనబడటం లేదంటే

అసైన్డు భూమి దక్కిన దళిత కుటుంబంలో ట్రంకుపెట్టె అడుగున మడతలు చిరిగిన డి-ఫారం పట్టా ఒకటి ఉంటుంది. తగాదా వచ్చిందంటే ఆ ఒక్క కాగితం చాలదు. ఎవరి పేరున ఇచ్చారు, ఏ సర్వే నంబరులో ఎంత, ఏ తేదీన అన్నది తహసీలు ఆఫీసులోని రిజిస్టరుతో, ఫైలుతో సరిపోవాలి. అసైన్డు భూమి కొన్నా చెల్లదనీ, దాన్ని తిరిగి పేదలకే ఇప్పించాలనీ 1977 చట్టం చెప్పింది. అది అసైన్డు భూమే అని చూపే కాగితం మాయమైతే ఇక చట్టం ఏం చేస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ తేదీకి మరింత విలువ తెచ్చింది. పట్టా ఇచ్చి 20 ఏళ్లు నిండితే అసలు పట్టాదారుకో వారసులకో పూర్తి హక్కు అన్నారు. మరుసటి ఏడాది, 2024 జూలై 21 రాత్రి, మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కావాలని పెట్టారన్న అనుమానంతో సిఐడి దర్యాప్తు జరిపింది. ఎవరు పెట్టారన్నది అలా ఉంచుదాం. కాలిన కాగితానికి రెండో ప్రతి ఎక్కడుంది? మనం అడగాల్సింది ఇది. కింద తహసీలు ఆఫీసుకూ పైన కలెక్టరేటుకూ నడిచిన ఉత్తరాల్లో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. వెతికించాలి, అంతే.

రికార్డు నాశనం చేస్తే 5 ఏళ్ల దాకా జైలు అనే చట్టం 1993లో వచ్చింది. కానీ అది కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల రికార్డులకే. మండలాఫీసు బీరువా దాని కిందికి రాదు.

అంతా కంప్యూటరెక్కింది కదా అంటారు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణినే చూడండి. పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలం ఉండేది, ధరణిలో అది లేదు. దున్నుకునేవాడి పేరు అక్కడే జారిపోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. కాని వెనకటి సాగు రుజువు కావాలంటే పాత కట్టలే విప్పాలి. స్కానింగు అయిందని వాటిని చిత్తుకాగితాల కింద అమ్మనివ్వకూడదు.

సమాచార హక్కు చట్టం (2005) సెక్షన్ 4 ప్రతి ఆఫీసూ తన రికార్డులకు జాబితా రాసి ఉంచాలంటుంది. సమాచారం ఇవ్వకపోవడానికి సెక్షన్ 8 చెప్పిన కారణాల్లో "ఫైలు దొరకలేదు" అన్నది లేదు. తగాదా వచ్చేదాకా ఆగకుండా మన పేటలో సర్వే నంబర్ల వారీగా సర్టిఫైడు నకళ్లు తీయించి, ఒక సెట్టు ఇంట్లో, ఇంకొకటి సంఘం దగ్గర పెట్టుకోవాలి. దరఖాస్తులో ఇంకో ప్రశ్న కూడా చేర్చండి: ఇంతవరకు ఏయే ఫైళ్లు తగలబెట్టారు, ఎవరి ఉత్తర్వు మీద?