ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్‌కి టార్గెట్ స్టాండ్.. సంచిలో పట్టుకెళ్లేలా ఇలా చేసుకోవచ్చు! కానీ దాని వెనక ఏముందో చూశారా?

చోడవరం: ఒక పీవీసీ పైపు, రెండు చెక్క రీపర్లు, ఒక పాత అట్టపెట్టె. రైఫిల్ షూటింగ్ ప్రాక్టీస్‌కి టార్గెట్ స్టాండ్ చేసుకోవడానికి ఇవి చాలు. గంటలో తయారవుతుంది, విప్పేస్తే యూరియా సంచిలో పట్టేస్తుంది. అయితే అసలు జాగ్రత్త స్టాండ్ తయారీలో లేదు.. దాన్ని ఎక్కడ నిలబెడుతున్నాం, దాని వెనక ఏముంది అన్నదాంట్లో ఉంది. చెరుకు తోటల మధ్య ఉండే చోడవరం లాంటి ప్రాంతంలో ఈ విషయం ఇంకా ముఖ్యం. ఎందుకో చూద్దాం.

పెరట్లో మొదలై ఒలింపిక్స్ దాకా..

షూటింగ్ అంటే ఏసీ హాలు, ఎలక్ట్రానిక్ టార్గెట్లు గుర్తొస్తాయి. కానీ మొదలు అక్కడే కావాలని లేదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కి 1997లో తండ్రి ఎయిర్ పిస్టల్ కొనిచ్చారు. బేగంపేటలోని ఇంటి పెరట్లోనే ఆయన చేయి కుదిరింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు.

ఇక ఊళ్లలో చాలామంది పిల్లలు మొదటిసారి రైఫిల్ పట్టుకునేది ఎన్‌సీసీలోనే. క్యాంపులో .22 రైఫిల్‌తో నాలుగు రౌండ్లు కాల్చి వచ్చాక ఇంటి దగ్గర ఎయిర్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేయాలనిపిస్తుంది. అక్కడే మొదటి సమస్య.. టార్గెట్ పేపర్‌ని దేనికి అంటించాలి? చెట్టుకా, గోడకా, గేటుకా? ఈ మూడూ తప్పే. దానికే స్టాండ్.

ముందు చట్టం సంగతి

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల (0.177 అంగుళం) క్యాలిబర్ దాటకుండా, 20 జూల్స్ శక్తి మించకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ శక్తి సుమారు 8 జూల్స్. అదే .22 రైఫిల్ అయితే లైసెన్స్ తప్పనిసరి. దాన్ని పొలంలో పెట్టి కాల్చే ప్రశ్నే లేదు, సరైన ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లాల్సిందే. కాబట్టి ఇక్కడ చెప్పే స్టాండ్, ఏర్పాట్లు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కోసమే.

లైసెన్స్ అక్కర్లేదంటే ఎక్కడైనా కాల్చేయొచ్చని కాదు. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు పనికి భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ వర్తిస్తుంది. పిట్టల మీద, అడవి జంతువుల మీద గురిపెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పిల్లలు కాల్చేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

ఏమేం కావాలి?

* ఒకటింబావు అంగుళం పీవీసీ పైపు.. 10 అడుగులది ఒకటి
* అదే సైజు టీ జాయింట్లు 4, ఎండ్ క్యాపులు 4
* అంగుళం మందం చెక్క రీపర్లు 2, ఒక్కొక్కటి అయిదున్నర అడుగులు
* అడుగున్నర వెడల్పు అట్టముక్క (టీవీ, ఫ్రిజ్ పెట్టెల అట్ట అయితే గట్టిగా ఉంటుంది)
* ప్లాస్టిక్ బట్టల క్లిప్పులు, చిన్న మేకులు, కొంచెం ఇసుక

ఇనుప యాంగిల్ వాడితే గట్టిగా ఉంటుంది కదా అని అనిపించొచ్చు. వద్దు. సీసం పెల్లెట్ ఇనుముకి తగిలితే చితికి, ముక్కలు పక్కకి గానీ వెనక్కి గానీ ఎగురుతాయి. 10 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి కంటికి అది చాలు. చెక్క, ప్లాస్టిక్, అట్ట అయితే దెబ్బ తగిలినా స్టాండే పాడవుతుంది. మళ్లీ చేసుకోవచ్చు. అలాగని కళ్లద్దాలు మానేయొద్దు. కాల్చేవాళ్లు, పక్కన ఉండేవాళ్లు అందరూ పెట్టుకోవాలి.

ఎలా బిగించాలి?

పైపుని ఇలా కోయాలి. అడుగుంపావు ముక్కలు నాలుగు, అడుగున్నర ముక్క ఒకటి, మూడు అంగుళాల ముక్కలు రెండు. మొత్తం 7 అడుగులు పోతుంది, మిగిలిన 3 అడుగులు స్పేర్.

ఒక పక్క కాలు ఇలా తయారవుతుంది. ముందు అడుగుంపావు ముక్క, దానికి టీ జాయింట్, తర్వాత మూడు అంగుళాల ముక్క, మరో టీ జాయింట్, చివర్న ఇంకో అడుగుంపావు ముక్క. మొదటి టీ నోరు లోపలి వైపుకి, రెండో టీ నోరు పైకి తిరిగి ఉండాలి. రెండో పక్క కాలు కూడా ఇలాగే. లోపలికి తిరిగిన రెండు నోళ్లనీ అడుగున్నర ముక్కతో కలిపితే హెచ్ ఆకారంలో పీఠం రెడీ.

పైకి తిరిగిన నోళ్లలో రీపర్లు నిలబెట్టాలి. లూజుగా ఉంటే చిన్న చెక్కముక్క దూర్చి బిగించాలి. రీపర్ల పైభాగంలో అట్టని చిన్న మేకులతో కొట్టాలి. మేకులు అంచుల్లోనే ఉండాలి, మధ్యలో లోహం ఏదీ ఉండకూడదు. అట్ట మీద టార్గెట్ కార్డుని బట్టల క్లిప్పులతో పట్టించాలి. కార్డు నడిమికి రావాలంటే అట్టకి మధ్యలో చిన్న కిటికీ కోసుకుంటే క్లిప్పులు పడతాయి.

పైపులకి గమ్ మాత్రం పూయొద్దు. గమ్ పూస్తే మళ్లీ విప్పలేం, సంచిలో పట్టదు.

గాలికి పడిపోతే?

బయట ప్రాక్టీస్‌లో పెద్ద ఇబ్బంది ఇదే. అట్ట తెరచాపలా గాలిని పట్టేస్తుంది. చాలామంది పీఠం మీద రాళ్లు పెడతారు. అది ప్రమాదం. తప్పిన పెల్లెట్ రాయికి తగిలి ఎటు పోతుందో చెప్పలేం.

దీనికో తేలిక మార్గం ఉంది. అక్కడికి వెళ్లాక ఎండ్ క్యాపులు తీసి, కాళ్ల పైపుల్లో ఇసుక నింపి మళ్లీ మూసేయాలి. రెండు, రెండున్నర కిలోల బరువు వస్తుంది. అదీ నేలకి ఆనుకుని ఉంటుంది కాబట్టి స్టాండ్ కదలదు. తిరిగి వెళ్లేటప్పుడు ఇసుక అక్కడే పారబోస్తే మోసేది ఖాళీ పైపులే.

కదలని స్టాండ్ ఎందుకింత ముఖ్యమంటే.. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో రింగ్ అంటే అర మిల్లీమీటర్ చుక్క. నల్లటి భాగం మొత్తం కలిపినా 30.5 మిల్లీమీటర్లే. స్టాండ్ ఊగుతుంటే తప్పు చేతిదో, సైట్‌దో, గాలిదో తేలదు. బాగున్న సైట్‌ని తిప్పి తిప్పి పాడు చేసుకుంటారు.

ఎత్తు, దూరం, ఎండ

పోటీ నిబంధనల ప్రకారం 10 మీటర్ల టార్గెట్ నడిబొడ్డు, కాల్చేవాళ్లు నిలబడ్డ నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి. 5 సెంటీమీటర్లు అటూ ఇటూ పర్లేదు. అంటే సుమారు 4 అడుగుల 7 అంగుళాలు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే స్టాండ్ దగ్గర కొలిచిన ఎత్తు లెక్కలోకి రాదు. దూరం అడుగులేసి కాకుండా టేపుతో కొలవాలి.

స్టాండ్‌ని ఉత్తరం వైపు పెట్టి, దక్షిణాన నిలబడి కాల్చడం మంచిది. పొద్దున, సాయంత్రం ఎండ కంట్లో పడదు.

చెరుకు తోట గోడ కాదు!

ఇప్పుడు అసలు విషయం. స్టాండ్ టార్గెట్‌ని నిలబెడుతుంది, అంతే. పెల్లెట్‌ని ఆపదు. అట్టలోంచి దూసుకుపోయిన పెల్లెట్, అసలు అట్టకే తగలని పెల్లెట్ రెండూ వెనక్కే వెళ్తాయి. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వందల మీటర్లు పోగలదు. .22 బుల్లెట్ అయితే కిలోమీటరున్నర దూరంలో కూడా ప్రమాదమే.

చోడవరం చుట్టుపక్కల ఎటు చూసినా చెరుకే. గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి, అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి పేరొచ్చింది ఈ పంటతోనే. ఎదిగిన తోట మనిషి ఎత్తు దాటిపోతుంది. చూడ్డానికి పచ్చటి గోడలా ఉంటుంది. లోపల ఎవరున్నారో బయటికి కనిపించదు. ఆకు దూసేవాళ్లు ఉండొచ్చు, నీళ్లు కట్టే రైతు ఉండొచ్చు, గడ్డి కోసం వెళ్లిన వాళ్లు ఉండొచ్చు. మనుషుల్ని దాచేస్తుంది తప్ప పెల్లెట్‌ని ఆపదు. సరుగుడు తోట, తాటి వరస కూడా అంతే.

చెరువు గట్టున నిలబడి నీళ్ల వైపు కాల్చడం ఇంకో పొరపాటు. పెంకు విసిరితే నీళ్ల మీద ఎగిరినట్టే పెల్లెట్ కూడా ఎగురుతుంది. రాతి కొండా సురక్షితం కాదు.

మరి వెనక ఏం ఉండాలి?

ఒకటి.. పెల్లెట్ పెట్టె. అడుగున్నర చదరం, అరడుగు లోతు చెక్కపెట్టెలో పాత గుడ్డలు గట్టిగా కూరి, ముందు అట్ట బిగించాలి. దీన్ని స్టాండ్‌కి వేలాడదీయొద్దు, బరువుకి పడిపోతుంది. స్టాండ్ వెనక ఇసుక బస్తాలు పేర్చి, టార్గెట్‌కి సరిగ్గా ఎదురుగా వాటి మీద పెట్టాలి. ఒకేచోట తగులుతుంటే మధ్యలో గుంట పడుతుంది కాబట్టి తరచూ చూసి మళ్లీ కూరాలి.

రెండు.. ఆ పెట్టె వెనక మెత్తటి మట్టి గట్టు. టార్గెట్ కంటే బాగా ఎత్తుగా, పక్కలకి వెడల్పుగా, రాళ్లు లేకుండా ఉండాలి. పెట్టె గురి కుదిరిన షాట్‌ని ఆపుతుంది, గట్టు గురి తప్పిన షాట్‌ని ఆపుతుంది. కొత్తవాళ్లకి రెండోదే ఎక్కువ అవసరం. గట్టు లేని చోట స్టాండ్ ఎంత బాగా కుదిరినా రైఫిల్ సంచిలోంచి తీయకూడదు.

మొదటి షాట్‌కి ముందు ఈ అయిదు చూసుకోండి

1. గట్టు వెనక్కి స్వయంగా నడిచి వెళ్లి చూడండి. దారి, పశువులు, పొలంలో మనుషులు ఉంటే ఆ చోటు వద్దు.
2. ఫైరింగ్ రేంజ్‌లలో లాగే ఎర్ర జెండా కట్టండి. చుట్టుపక్కల పొలాల వాళ్లకి ముందే చెప్పండి.
3. కాల్చమని, ఆపమని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఆపమంటే అందరూ ఆపాలి.
4. కార్డు మార్చడానికి వెళ్లేముందు రైఫిల్ ఖాళీ చేసి, తెరిచి కింద పెట్టాలి. ఎవరైనా ముందుకెళ్తే ఇంకెవరూ రైఫిల్ ముట్టుకోకూడదు.
5. పెల్లెట్లు సీసం. వాడినవి ఏరి డబ్బాలో వేయాలి, పొలంలో వదలొద్దు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ అయినా, టిఫిన్ అయినా.

ఇందులో మొదటిది ఒక్కసారి చూస్తే సరిపోదు. పొద్దున ఖాళీగా ఉన్న పొలంలోకి పదింటికి కూలీలు రావొచ్చు. అందుకే కార్డు మార్చిన ప్రతిసారీ ఒకరు గట్టు ఎక్కి అవతల చూసి రావాలి. మళ్లీ రైఫిల్ పట్టుకోవడం ఆ తర్వాతే.