పాత యింటికి క్రొత్త పటము

పల్నాటి సీమలో పాత యిల్లు అనగానే మొదట కన్నులకు గట్టునది నాపరాయి. గోడ నాపరాయి, అరుగు నాపరాయి, పెరటి ప్రహరి నాపరాయి. కొన్ని యిండ్లకు పైకప్పు సైతము నాపరాయియే. శ్రీనాథుని పేర వాడుకలో నున్న చాటుపద్యము ఈ సీమ పల్లెలను గేలిచేయుచు ఏకరువు పెట్టిన వస్తువులలో ఈ రాయియు నొకటి. కవికి కంటగింపైన ఆ రాతినే ఇక్కడి కాపురములు తరతరములుగా నమ్ముకొన్నవి. 2022లో జిల్లా కేంద్రమైన నరసరావుపేటలోను, మాచర్ల, గురజాలలలోను నేడు అట్టి యిండ్లు తరిగిపోవుచు, వాని స్థానమున కాంక్రీటు మేడలు లేచుచున్నవి. పడగొట్టవలయునా, బాగుచేసికొనవలయునా అను ప్రశ్న అనేక కుటుంబములలో భోజనముల వేళ వినవచ్చుచున్నది.

దీనికి జవాబు గునపముతో కాక కాగితముతో మొదలు కావలెను. పాత యిండ్లకు సాధారణముగా పటములు లేవు. తాపీమేస్త్రి కన్ను, వడ్రంగి కొలబద్ద, వీనితోనే అవి లేచినవి. కావున మొదటి పని ఉన్న యింటిని ఉన్నట్లు గీయుట. గదుల పొడవు వెడల్పులే కాదు, గోడల మందము, గుమ్మముల ఎత్తు, దూలములు ఆనుకొన్న తావులు, వాన నీరు పోవు దారి, ఇవన్నియు పటము మీదకు రావలెను.

పగుళ్లను కూడ గుర్తింపవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బును, వేసవికి బీటలు వారును. దానిపై నున్న గోడయు కదలును. పగులుకు అడ్డముగా ఒక కాగితపు పట్టీ అంటించి, తేదీ వ్రాసి యుంచినచో, అది చినిగినదో లేదో చూచి గోడ ఇంకను కదలుచున్నదో, ఎన్నడో కదలి నిలిచినదో తెలిసికొనవచ్చును. ఒక వేసవి, ఒక వానకాలము చూచిన పిదప గీసిన పటమునకు విలువ యెక్కువ. దూలముల కొసలు గోడలో దాగిన చోటనే చెమ్మయు, చెదలును మొదలగును. సుత్తితో తట్టినచో గుల్లబారిన కఱ్ఱ తన సంగతి తానే చెప్పును. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడపై మరియొక అంతస్తు లేపుట కోరదగినంత సులభము కాదు. ఆ మాట ఇంజనీరు ముందుగానే చెప్పవలెను.

తరువాత, ఆ యిల్లు ఎండను ఎట్లు ఓర్చుచున్నదో గమనింపవలెను. రెంటచింతల ఎండలు ఆంధ్రదేశమంతటను పేరుపడినవి. మందపు రాతి గోడ పగటి వేడిని మెల్లగా లోనికి తీసికొని, రాత్రివేళ మెల్లగా విడుచును. అందుకే పూర్వులు పగలు లోపలను, రాత్రి వాకిటను పండుకొనిరి. నడిమి వాకిలి ఖాళీ జాగా కాదు. వేడిగాలి పైకి పోవుటకును, వెలుతురు లోనికి వచ్చుటకును ఉన్న దారి. దానిపై స్లాబు వేసినచో ఒక గది చేరును, నాలుగు గదులకు గాలి తగ్గును.

సున్నపు సంగతియు ఇట్టిదే. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఎల్లరెరిగినవే. సున్నపురాయి కాలి సున్నమగును. నీటితో చల్లారి, గోడకెక్కి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల పీల్చుకొని తిరిగి రాయియగును. సున్నపు పూత గోడలోని చెమ్మను బయటకు పోనిచ్చును. పాత గోడపై సిమెంటు పూత పూసినచో చెమ్మ లోపల చిక్కి, కొంతకాలమునకు పూత పెచ్చులుగా ఊడును. సున్నము పుట్టిన సీమలోనే సున్నపు పని తెలిసిన మేస్త్రీలకై వెదకవలసి వచ్చుచున్నది. పటము గీయునప్పుడే అట్టి పనివాని మాట తీసికొనుట మేలు.

ఇంతకు మించిన ప్రశ్న, ఇల్లు ఎవరి కొరకు? 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన పిదప పల్నాటి పైరులు మారినవి, ఇంటి అవసరములును మారినవి. జొన్నలు పోసిన గాదె గదికి, ఎడ్ల కొట్టమునకు నేడు పని తక్కువ. బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉందురు. ఇంటిలో మిగిలినది ముసలితల్లి. సంక్రాంతికి వచ్చు కుమారుల కొరకు మేడమీద రెండు గదులు పటములోనికి వెంటనే ఎక్కును. ఆమె రాత్రివేళ పెరటి చివర స్నానపు గదికి నడచు ఇరువది అడుగుల దూరము, మోకాలు ఎత్తనీయని గడప, పట్టుకొనుటకు ఏమియులేని మెట్టు ఎవరి కంటను పడవు. మూడు దినములు వచ్చువారి సుఖమునకు ముందు, తక్కిన మూడువందల అరువదిరెండు దినములు ఉండు మనిషిని అడుగవలెను. “నాకేమి కావలెను నాయనా, మీ యిష్టము” అని ఆమె అనును. అక్కడితో ఆగక, ఆమె వెంట ఒక దినము ఇల్లంతయు తిరిగినచో చాలును.

అన్నదమ్ముల వాటా వచ్చినప్పుడు చిక్కు ఇంకను పెరుగును. పండ్రెండవ శతాబ్దిలో సవతి సోదరుల నడుమ రాజ్యము గురజాల, మాచర్లలుగా చీలి, తుదకు కారెంపూడి రణరంగమునకు దారితీసిన కథ ఈ సీమలో పసివారికిని తెలియును. ఐనను నడి వాకిటిలో అడ్డుగోడ లేపు ఇండ్లు ఉన్నవి. ఆ గోడతో ఇద్దరి భాగములును చీకటిపాలగును. వాకిలి, బావి ఉమ్మడి యని కాగితము వ్రాసికొని గదులను మాత్రము పంచుకొను ఉపాయము పటము దశలోనే సాధ్యము.

ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అను చిక్కు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1955లో సాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరుగుటకు ముందే, 1954లో, నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖవారు విస్తృతముగా త్రవ్వకములు మొదలిడి 1960 వరకు సాగించిరి. ఇక్ష్వాకుల నాటి కట్టడములకు కొలతలు, పటములు తీసిరి. అన్నిటిని రక్షించుట శక్యము కాలేదు. ఎంచిన వానిని కొండమీదను, మాచర్లకు చేరువనున్న అనుపులోను తిరిగి నిలిపిరి. తక్కినవి నీట మునిగినవి. అనుపు వెళ్లినవారు నేడును ఆ ప్రాచీన రంగస్థలపు మెట్లపై కూర్చుండవచ్చును.

ఇంటికిని ఆ లెక్కయే వర్తించును. తాత చెక్కించిన ద్వారబంధము ఉండవచ్చును, చెదలు తిన్న దూలము పోవలెను, పెరటి స్నానపు గది లోనికి రావలెను. ఈ జాబితా వ్రాయుటకు ఆరు మాసములు పట్టినను నష్టము లేదు. పటముపై తప్పు గీతను రబ్బరుతో చెరిపివేయవచ్చును; కూలిన గోడను మాత్రము ఏ మేస్త్రియు వెనుకటివలె నిలుపలేడు.