తాళంచెవులు చేతికొచ్చిన తేదీ

గృహప్రవేశం ఫొటోలు అందరూ భద్రంగా దాచుకుంటారు. ఇల్లు స్వాధీనం చేసినట్టు బిల్డర్ రాసిచ్చిన కాగితం మాత్రం చాలామంది ఇళ్లలో వెతికినా దొరకదు. దాన్ని రిజిస్ట్రేషన్ పత్రాలతోపాటే దాచాలి. లోపాలు బిల్డర్‌తో బాగుచేయించుకునే గడువు లెక్క మొదలయ్యేది దానిమీది తేదీ నుంచే.

మనం రెరా అని పిలిచే 2016 నాటి చట్టం, 14వ సెక్షన్‌లో కొన్నవారికి ఒక గట్టి హక్కు ఇచ్చింది. స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలోగానీ, పనితనంలోగానీ, నాణ్యతలోగానీ లోపం ఉందని బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో పైసా అడగకుండా బాగుచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. ఇందులో ‘దృష్టికి తెస్తే’ అన్నదే అసలు మాట. పగులు నాలుగో ఏట వచ్చినా ఆరో ఏట చెబితే ఈ సెక్షన్ అక్కరకు రాదు. ‘ఫోన్ చేశాను, మేస్త్రీని పంపిస్తానన్నాడు’ అంటే రేపు రుజువు చూపించడం కష్టం.

అందుకే ఐదో ఏడు నిండేదాకా ఆగకుండా, దానికి ముందొచ్చే వానాకాలం చివర్లో, సెప్టెంబరులోనో అక్టోబరులోనో, ఒక సివిల్ ఇంజనీరును పిలిచి ఇల్లంతా చూపించుకోవాలి. ఆయన బిల్డర్ మనిషి కాకూడదు. ఎండాకాలంలో చూపిస్తే సగం లోపాలు కనిపించవు. చెమ్మ ఆరిపోతుంది, మరకల మీద రంగు పడిపోతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లకు నేలతో ఒక చిక్కుంది. ఎర్రచల్క కింద చాలాచోట్ల బండ తగులుతుంది. ప్లాటులో ఒక మూల బండ మీద, ఇంకో మూల పోసిన మట్టి మీద పునాది పడితే, మట్టి కుంగిన వైపు ఇల్లు కిందికి లాగుతుంది. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రెండింటి గుర్తూ తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగులే. గిలాబు మీద వెంట్రుకవాసి గీతలకు భయపడక్కర్లేదు. పైఅంతస్తులో స్లాబు కింద అడ్డంగా వచ్చే గీత చాలాసార్లు మన ఎండలకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేదే. అనుమానం ఉన్న పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీతపెట్టి, పక్కనే తేదీ వేయండి. రెండు మూడు నెలల్లో అది గీత దాటితే పగులు పెరుగుతున్నట్టే. ఇంజనీరుకు ఈ ఒక్క సంగతి చాలా పనికొస్తుంది.

బాత్రూం తూముకు బట్ట కుక్కి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలిపి, కింది అంతస్తు కప్పు చూడండి. టైల్స్‌ను నాణెంతో తట్టితే డొల్ల ఎక్కడుందో చెవికే తెలుస్తుంది. వాన వెలిశాక డాబా ఎక్కి నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటో తీయండి. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించడం మరవొద్దు, అది ప్రాణాలకు సంబంధించినది.

కనిపించినవన్నీ గది గదికీ రాసి, ఫొటోలు జతచేసి, స్పీడ్ పోస్టులో బిల్డర్‌కు పంపాలి. రసీదు మీ దగ్గర ఉండాలి. 30 రోజుల్లో కదలిక లేకపోతే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయొచ్చు.

జిల్లా పట్టణాల్లో ఒక మెలిక ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన దగ్గర లేచే చిన్న అపార్ట్‌మెంట్లు, విడి ఇళ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. అలాంటివి కొనేవారు మరమ్మతు బాధ్యత ఎన్నేళ్లో అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. ఇళ్ల నిర్మాణాన్ని వినియోగదారుల చట్టం సేవగానే చూస్తుంది కాబట్టి, చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ ఫిర్యాదుకు గడువు వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లే.