బందరు వైద్యుడు.. బీమా వ్యవస్థాపకుడు

కురబలకోట: మదనపల్లె మార్కెట్లో టమాటాకు ధర పలికితే బీమా ప్రీమియం సకాలంలో కట్టగలరు. ధర పడిపోతే వాయిదా తప్పుతుంది, పాలసీ ల్యాప్స్ అవుతుంది. పల్లెల్లో జీవిత బీమా అంటే నేటికీ ఎక్కువ మందికి ఎల్‌ఐసీయే. అయితే ఆ సంస్థలో విలీనమైన కంపెనీల్లో తెలుగువారు నెలకొల్పినవీ ఉన్నాయన్న సంగతి కొద్దిమందికే తెలుసు. వాటిలో ప్రముఖమైన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వ్యవస్థాపకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

1880లో గుండుగొలనులో జన్మించిన పట్టాభి మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి మచిలీపట్నంలో వైద్యవృత్తి చేపట్టారు. 1916లో దానిని విడిచి ప్రజాజీవితానికి అంకితమయ్యారు. తెలుగువారి పొదుపు సొమ్ము తెలుగునాటనే పెట్టుబడి కావాలన్నది ఆంధ్రోద్యమ కాలపు ఆకాంక్ష. ఆ దిశగా 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్‌ను, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్‌ను స్థాపించారు. మూడూ బందరు కేంద్రంగా పుట్టినవే. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడైన నాయకుడిగా ఆయనను స్మరించేవారు సైతం ఈ బీమా అధ్యాయాన్ని అంతగా ప్రస్తావించరు.

బ్యాంకు కన్నా బీమా కష్టమైన వ్యాపారం. బ్యాంకులో వేసిన డబ్బును రేపే అడగవచ్చు. బీమా హామీ నెరవేరేది ఇరవై, ముప్పై ఏళ్లకు; అదీ తరచూ పాలసీదారు లేని ఇంట్లో. నిర్వాహకుల నిజాయతీయే దానికి పునాది.

ఒకే గాటన కట్టి..

ఆ పునాదిని కొందరు కూల్చారు. భారత్ ఇన్సూరెన్స్ నిధులను రామకృష్ణ దాల్మియా దుర్వినియోగం చేసిన వ్యవహారాన్ని 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఎండగట్టారు. 1956 జనవరి 19న ఆర్డినెన్సు వెలువడింది. ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్ ఆ నిర్ణయాన్ని రేడియోలో ప్రకటించారు. 154 స్వదేశీ, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థల జీవిత బీమా వ్యాపారం సెప్టెంబరు 1న ఏర్పడిన ఎల్‌ఐసీ పరమైంది. మంచివీ చెడ్డవీ ఒకే గాటన కట్టినట్లయింది. అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నర్. 1959లో కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు సైతం 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

జాతీయకరణతో పాలసీదారుకు దక్కిన మేలు చిన్నది కాదు. ఎల్‌ఐసీ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం పాలసీ సొమ్ముకు కేంద్ర ప్రభుత్వం హామీ ఉంటుంది.

ఏజెంటు వేరు.. బ్రోకరు వేరు

1999 నాటి ఐఆర్‌డీఏ చట్టంతో ప్రైవేటు కంపెనీలు మళ్లీ ప్రవేశించాయి. 2002 నిబంధనలు బీమా బ్రోకర్లకు గుర్తింపునిచ్చాయి. ఏజెంటు కంపెనీ ప్రతినిధి. బ్రోకరు పలు కంపెనీల పాలసీలను పోల్చి చూపాలి, ఖాతాదారు పక్షాన నిలవాలి. ఆయనకూ కమీషను ఇచ్చేది కంపెనీయే కనుక, ఆ పాలసీనే ఎందుకు సూచిస్తున్నారో అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఇంటిపెద్ద మరణిస్తే క్లెయిము చిక్కుల్లో పడే సందర్భాల్లో ఆరోగ్య వివరాలు దాచడం ఒకటి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. ల్యాప్స్ అయిన పాలసీని పునరుద్ధరిస్తే మాత్రం ఆ మూడేళ్లు పునరుద్ధరణ తేదీ నుంచి మళ్లీ లెక్కకు వస్తాయి. ధరలు పడిపోయిన ఏడాది వాయిదా తప్పిన రైతు, తిరిగి డబ్బు కట్టే రోజున ఆరోగ్య పత్రంపై ఏమి రాసి సంతకం చేస్తున్నదీ చదువుకోవాల్సింది అందుకే.