ఫ్రిజ్‌కు వనవాసము

సనత్‌నగర్ అనగానే హైదరాబాదు పాతకాపులకు ఆల్విన్ కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. 1942లో నిజాము కాలపు పారిశ్రామిక నిధియు, అల్లాఉద్దీన్ కంపెనీయు కలిసి నెలకొల్పిన లోహపు పనుల సంస్థ అది. కాలక్రమమున అచట పొంతన లేని రెండు వస్తువులు తయారగుచు వచ్చినవి. ఒకటి బస్సు బాడీ. నగరవీధులలో తిరిగిన రెండంతస్తుల బస్సులకు సైతము బాడీలు కట్టినది ఈ సంస్థయే. రెండవది ఇంటి ఫ్రిజ్. చేతిగడియారములు కూడ చేసిరి గాని, వాని సంగతి ఇచట అప్రస్తుతము. 1990వ దశకమున ఫ్రిజ్‌ల విభాగము వోల్టాస్ వారి వశమైనది. కూకట్‌పల్లి దిక్కున ఆల్విన్ కాలనీ అను పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఒకే సంస్థలో పుట్టినను బస్సునకును ఫ్రిజ్‌కును చుట్టరికము కలియలేదు. బస్సు ఊళ్లు తిరిగెను. ఫ్రిజ్ వంటయింటి గోడ చెంత ప్లగ్గును అంటిపెట్టుకొని కదలక నిలిచెను. నేడు ఆ రెండింటికిని పెండ్లి చేయు ముచ్చట పుట్టినది. సెలవులు రాగానే కొన్ని కుటుంబములవారు కారు వెనుకభాగమున నలుబది లీటర్ల చిన్న ఫ్రిజ్ ఉంచుకొని, మూసీనది పుట్టిన అనంతగిరి కొండలకో, నల్లమల దిక్కునకో బయలుదేరుచున్నారు. కార్తికమాసపు వనభోజనములకు ఉసిరిచెట్టు నీడ, అరటియాకు, పులిహోర చాలును. రెండు రాత్రులు డేరాలో గడపవలెనన్నచో పాలు, పెరుగుల ప్రశ్న తలయెత్తును.

పాలు విరిగిన నష్టము కొద్దిపాటిది. వెంట వచ్చిన తాతగారి ఇన్సులిన్ సంగతి అట్లు కాదు. మూత విప్పని ఇన్సులిన్‌ను 2 మొదలు 8 డిగ్రీల నడుమ ఉంచవలెను. వాడుకలో నున్న సీసా సుమారు నాలుగు వారములు బయట నిలువగలదు గాని, అది 25, 30 డిగ్రీలు మించని చోట. మే నెలలో హైదరాబాదు వేడి 40 దాటును. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులోపలి వేడి అంతకంటె ఎంతయో హెచ్చు. ఇంకొక చిక్కు: గడ్డకట్టినను ఇన్సులిన్ చెడును. చల్లదనము తగ్గరాదు, మితిమీరరాదు.

ఫ్రిజ్ చల్లదనమును పుట్టింపదు. పెట్టెలోని వేడిని తోడి బయట పోయును. తోడుటకు మూడు మార్గములు గలవు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెల్టియే 1834లో కనిపెట్టిన విద్యుత్ ధర్మముపై నడచు పెట్టెలు చౌక. కాని అవి బయటి వేడికంటె ఇంచుమించు 20 డిగ్రీలు మాత్రమే తగ్గింపగలవు; 42 డిగ్రీల ఎండలో లోపల 22 అన్నమాట! ఇన్సులిన్‌కు అవి పనికిరావు. 1922లో స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, మున్‌టెర్స్ అను ఇరువురు విద్యార్థులు వేడితోనే చల్లదనము తెచ్చు యంత్రమును రూపొందించిరి. అది గ్యాసు మంటతోను నడచును. కాని మూసిన కారులో మంట పెట్టుట ప్రాణాపాయము. మిగిలినది కంప్రెసరు ఫ్రిజ్, అనగా వంటయింటి ఫ్రిజ్‌కు 12 వోల్టులపై నడచు తమ్ముడు.

ఇక ఉపాధ్యాయులు నల్లబల్లపై చేయించదగిన లెక్క ఒకటి. కంప్రెసరు నడచునప్పుడు 45 వాట్లు పుచ్చుకొనునని అనుకొందము. 12చే భాగింపగా 3.75 ఆంపియర్లు. వేసవిలో అది సగముకాలము నడచునన్నచో రోజుకు 45 ఆంపియరు-గంటలు. పది గంటల రాత్రికి సుమారు 19. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యము తరచుగా 35 ఆంపియరు-గంటలే. తెల్లవారుసరికి సగమునకు పైగా హరించిపోయినదన్నమాట.

కారు కదలుటకు ఎంత కావలెను? సెల్ఫ్ మోటారు మూడు సెకనులపాటు 150 ఆంపియర్లు లాగినదనుకొన్నను, మొత్తము ఒక ఆంపియరు-గంటలో ఎనిమిదవ వంతు మాత్రమే. అంత స్వల్పమైన ఖర్చునకు సగము నిండిన బ్యాటరీ చాలదా యని విద్యార్థి అడుగవచ్చును. పరిమాణము చాలును, ఆ ఉధృతమే చాలదు. పాతబడిన బ్యాటరీ సగము ఖాళీ అయినపిదప 150 ఆంపియర్లను ఒక్కుమ్మడిగా ఇయ్యలేక చతికిలబడును. పైగా కారు బ్యాటరీలోని సీసపు పలకలు క్షణకాలపు దూకుడునకై పలుచగా చేయబడినవి. అది పరుగుపందెగాడు, రాత్రియంతయు బస్తాలు మోయించినచో నడుము విరుగును. లోతుగా ఖాళీ చేసినకొలది దాని ఆయువు క్షీణించును.

ఈ నష్టము ఎచట సంభవించునో యోచింపవలెను. మన్ననూరు దాటిన పిమ్మట శ్రీశైలము త్రోవలో రాత్రి 9 నుండి ఉదయము 6 వరకు అడవిలోనికి వాహనములను పోనీయరు. చాలచోట్ల ఫోను పలుకదు. గేటు మూయువేళకు అడవి దాటవలసిన కారు సెల్ఫ్ కొట్టినను మూలిగి ఊరకున్నచో, ఫ్రిజ్‌లోని చల్లని పండ్లరసము ఎవరి దాహమును తీర్చును?

కావున ఫ్రిజ్‌కు వేరొక బ్యాటరీ ఉండవలెను. సీసపు జాతిలో నెమ్మదిగా, లోతుగా వాడదగినవి గలవు. వానినుండియు సగమే తీయుట మేలు. 1990వ దశకము నడుమ టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడినఫ్ బృందము వెలువరించిన లిథియము ఐరన్ ఫాస్ఫేటు జాతి బరువున తేలిక. 100 ఆంపియరు-గంటలలో 80 నిశ్చింతగా వాడవచ్చును. పై లెక్కప్రకారము ఇంచుమించు రెండు రోజుల గ్రాసము. ఇంజను తిరుగునప్పుడు ఆల్టర్నేటరునుండి, నడుమ తగిన చార్జరునుంచి, దానిని నింపుకొందురు. 20 ఆంపియర్ల చార్జరైనచో శ్రీశైలము చేరులోపలనే చాలవరకు నిండును. రెండవ బ్యాటరీ కొనలేనివారు ఫ్రిజ్‌లోని వోల్టేజి కాపలా మీటను 'హై' అను గుర్తు వద్ద ఉంచవలెను. బ్యాటరీ నీరసింపగానే ఫ్రిజ్ తనంత తానే ఆగిపోవును. పాలు పోవచ్చును గాని కారు కదలును.

చాలమంది ఫ్రిజ్ చెడిపోయినదని వగచునది వైరు దోషము వలననే. బ్యాటరీ ముందు, ఫ్రిజ్ వెనుక. వైరు పోకరాకలు కలిపి పది మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగలో 4 ఆంపియర్లు పారినచో 0.7 వోల్టు దారిలోనే పోవును. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది 0.2 వోల్టుకంటె తక్కువ. బ్యాటరీలో శక్తి యుండియు ఫ్రిజ్ ఆకలితో ఆగిపోవుటకు కారణము ఇదియే. ఓమ్ సూత్రము పరీక్షలకు మాత్రమే అనుకొను పిల్లలకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండవలెనన్నది మరువరాదు; ఒరిసిన వైరు కారునే తగులబెట్టగలదు.

నూరు వాట్ల సౌరఫలకము మంచి ఎండలో రోజుకు 30 ఆంపియరు-గంటల వరకు ఇయ్యగలదు. కాని కారు నీడను కోరును, ఫలకము ఎండను కోరును. మడతపెట్టు ఫలకమునకు పొడవైన, మందమైన వైరు తగిలించి ఈ తగవు తీర్చుకొందురు. ఫ్రిజ్ కొరకు ఇంజను తిరుగనిచ్చి, తలుపులు మూసికొని కారులో నిద్రించుట మాత్రము ఎన్నడును కూడదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రించువారు మేల్కొనరు.

ముందురాత్రి ఇంటి కరెంటుతోనే ఫ్రిజ్‌ను చల్లబరచి, చల్లనివే లోపల సర్దినచో సగము శ్రమ తీరును. వేడి నీళ్లసీసాలను దారిలో చల్లార్చుట బ్యాటరీకి దండుగ. ఒక్క రాత్రి ప్రయాణమైనచో ఫ్రిజ్ ఊసే అనవసరమనవచ్చును. టీకాలు మోసికొని పల్లెలకు పోవు ఆరోగ్య కార్యకర్తల పెట్టెకు బ్యాటరీ లేదు, వైరు లేదు. దళసరి గోడలు, నాలుగు మంచు ప్యాకులు, అంతే. ఆ ప్యాకులను గడ్డకట్టినవి గడ్డకట్టినట్లే పెట్టరు. కొంతసేపు బయట ఉంచి, చెవిదగ్గర కదిపి, లోపల నీరు పలికిన తరువాతనే మందు సీసాల చుట్టును అమర్చుదురు.